వాలు మీద కాలు పెట్టేముందు

తాడేపల్లిగూడెం పక్కన మా మాధవరంలో మంచంటే ధనుర్మాసం పొద్దుల్లో చేల మీద పరుచుకునే పొగమంచే. ఎండ ఎక్కేసరికి అదీ ఉండదు. అయినా కశ్మీరు మంచు గురించి, సియాచిన్ మంచు గురించి మా ఊరి అరుగుల మీద సాగినన్ని కబుర్లు ఈ డెల్టాలో ఇంకెక్కడా సాగవు. మిలిటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరు మాది. మొదటి ప్రపంచ యుద్ధానికే 90 మంది వెళ్లారని ఊరివాళ్లు చెప్పే లెక్క. పిల్లలకు సుబేదారు, మేజరు అని పేర్లు పెట్టుకున్న ఇళ్లున్నాయి. నేనూ మీసం రాకముందే సైన్యంలో చేరి, హవల్దారుగా రిటైరై వచ్చాను. సర్వీసులో చాలా చలికాలాలు ఉత్తర కశ్మీరులో, ద్రాస్ వైపు గడిచాయి.

ఒకప్పుడు ఆ మంచు దగ్గరికి మా జిల్లా నుంచి వెళ్లేది సైనికులే. ఇప్పుడలా కాదు. సంక్రాంతికి ఊరు రావలసిన పిల్లలు కేదార్‌కంఠ అంటున్నారు, గుల్మార్గ్ అంటున్నారు. ఏలూరులో ఉండే మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు.

"బాబాయ్, జనవరిలో ఫ్రెండ్సందరం గుల్మార్గ్ వెళ్తున్నాం. గొండోలా కేబుల్ కారు ఎక్కి, అక్కణ్ణుంచి పైన మంచులో నడుద్దామని. జాకెట్లు, బూట్లు ఎలాంటివి కొనమంటావ్?"

"జాకెట్ సంగతి తర్వాత చూద్దాం గానీ, తిరుగు టికెట్టు ఎప్పటికి తీశావురా?"

"పదిహేడుకి. ఎందుకు బాబాయ్?"

ఫోన్లో చెప్పి ముగించే సంగతి కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వాడి కోసమూ, వాడిలా వెళ్లే పిల్లలందరి కోసమూ, వాళ్లని పంపించి ఇంట్లో టీవీ ముందు కూర్చునే అమ్మానాన్నల కోసమూ.

మంచుచరియ అనగానే కొండ మీంచి పెద్ద ఉండ దొర్లుకుంటూ రావడం, ఎవరో గట్టిగా అరిస్తే కొండ కూలడం మనకు గుర్తొస్తాయి. రెండూ సినిమావాళ్లు నేర్పినవే. అరుపులకు చరియలు పడవు. మనుషుల్ని ఎక్కువగా చంపేది ఉండ కాదు, పలక. కొండవాలు మీద మంచు ఒకే ముద్దగా ఉండదు. మంచు కురిసిన ప్రతిసారీ ఒక పొర చేరుతుంది. గాలి తోసుకొచ్చింది ఒక పొర, ఎండకు కరిగి రాత్రికి బిగిసింది ఇంకో పొర. పైన గట్టి పలక ఉండి, దాని కింద పట్టులేని పొర ఉంటే, ఆ పలక వాలుకు అతుక్కుని లేదు, కేవలం ఆనుకుని ఉంది. కొల్లేటి లంకల వాళ్లకైతే దీన్ని చెప్పడం తేలిక. సరస్సులో గుర్రపుడెక్క, తుంగ కమ్మేసిన చోటు పైకి పచ్చిక బయలే. కాలు వేస్తేగానీ కింద నీళ్లున్నాయని తెలీదు.

అలాంటి పలక మీద మనిషి బరువు పడితే కింది పొర నలుగుతుంది. ఆ నలుగుడు కనురెప్పపాటులో వాలంతా పాకుతుంది. పలక తెగేది మనం నిలబడ్డ చోట కాదు, మనకు బాగా పైన. అంటే తెగిందని తెలిసేసరికే మనం జారే పలక నడిమధ్యలో ఉంటాం. 50 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు, అరమీటరు మందం ఉన్న పలకను లెక్కేయండి. వాలు మీద అది చిన్నదే. 750 ఘనపు మీటర్లు. గాలికి బిగిసిన మంచు ఘనపు మీటరుకు 250 కిలోలు తూగినా దాదాపు 190 టన్నులు. కొన్ని సెకన్లలోనే గంటకు వంద కిలోమీటర్ల వేగం దాటగలదు. ఈత వచ్చా, కండబలం ఉందా అన్న ప్రశ్నలకు అక్కడ చోటు లేదు.

విహారానికి వెళ్లి చరియల్లో చనిపోయినవాళ్ల వివరాలు వేర్వేరు దేశాల్లో సేకరించారు. పదింట తొమ్మిది సందర్భాల్లో ఆ చరియను కదిలించింది చనిపోయినవాళ్లో, వాళ్ల జట్టులోని వాళ్లో. కొండ వచ్చి మీద పడలేదు. మనమే వెళ్లి దాన్ని కదిపాం. ఈ ఒక్క సంగతి తెలిస్తే భయపడాల్సిన తీరు మారుతుంది. ఏ వాలు మీదికి ఎప్పుడు వెళ్లకూడదో తెలుసుకుంటే, ప్రమాదంలో చాలా భాగం మన చేతిలోనే ఉన్నట్టు.

కుప్వారా వైపు ఒక పోస్టులో ఉండగా ఇది నాకు కళ్లకు కట్టింది. మా సుబేదార్ సాబ్ గఢ్వాలీ. అవతలి పోస్టులో కిరసనాయిలు అయిపోతోందని వైర్‌లెస్‌లో కబురు మీద కబురు వస్తోంది. మధ్యలో ఒక వాలు అడ్డంగా దాటాలి. ఆకాశం కడిగినట్టుంది, గాలి లేదు. కుర్రాళ్లం మూటలు భుజాన వేసుకుని తయారుగా ఉన్నాం. ఆయన వాలు అంచున, అదే దిక్కుకు తిరిగి ఉన్న ఒక చిన్న మిట్ట మీద ఆగి, పార నా చేతికిచ్చి తవ్వమన్నాడు. నేల తగిలేదాకా తవ్వాను. నడుం లోతు వచ్చింది. గోడను పారతో నున్నగా చెక్కి, పైనుంచి కిందికి చేత్తో పొడుచుకుంటూ వచ్చాడు. పైన పిడికిలి దిగిపోయే కొత్త మంచు. దాని కింద ఒక్క వేలు మాత్రమే, అదీ బలంగా నొక్కితే దిగే గట్టి పొర. ఇంకా కింద, నేలకు జానెడు ఎత్తున, వేళ్లు తగలగానే జలజలా రాలిన పలుకులు. అరచేతిలో పోసి చూపించాడు. అంచులు తేలి మెరుస్తున్నాయి. పిడికిట్లో ఎంత నొక్కినా ముద్ద కట్టలేదు.

తర్వాత ఆ గోడలోంచి అడుగు వెడల్పు, అడుగు మందం ఉన్న స్తంభాన్ని మూడువైపులా కోసి వేరుచేశాడు. పార రేకును దాని నెత్తిన పెట్టి అరచేత్తో తట్టడం మొదలుపెట్టాడు. మణికట్టు నుంచి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది, అదీ పద్ధతి. మోచేతి దెబ్బలు మొదలయ్యాయో లేదో, ఆ పలుకుల పొర దగ్గర స్తంభం తెగి, పై ముక్క ఎక్కడా విరగకుండా చదునుగా జారి మా కాళ్ల మీద పడింది.

"ఈ వాలు ఇవాళ మనది కాదు" అన్నాడు సుబేదార్ సాబ్. వైర్‌లెస్‌లో ఎవరు ఎంత కసిరినా కదల్లేదు. మర్నాడు కొండ వెన్ను మీదుగా, చాలా దూరం చుట్టుతిరిగి కిరసనాయిలు పంపాడు. ఆ తర్వాత మళ్లీ మంచు పడ్డాక ఆ వాలు ఎవరి కాలూ పడకుండానే తెగింది. మేం దాటాల్సిన దారితో సహా కింది నాలా అంతా పూడిపోయింది.

ఆ పలుకులు ఎక్కడివి? డిసెంబరులో మంచు పల్చగా పడి, తర్వాత రోజుల తరబడి ఆకాశం తేటగా ఉండిపోతే తయారవుతాయి. మంచు కింద నేల ఉష్ణోగ్రత సున్నా దగ్గర ఉంటుంది. పైన తేటరాత్రుల్లో మైనస్ 15, మైనస్ 20కి పడిపోతుంది. పొర పల్చనిది కాబట్టి ఆ కొద్ది మందంలోనే ఇంత తేడా. అడుగునుంచి ఆవిరి పైకి పాకుతూ పాత రేణువుల్ని కరిగించి, కోణాలు తేలిన కొత్త రేణువుల్ని పేరుస్తుంది. అవి ఒకదానికొకటి అంటుకోవు. కొండలెక్కేవాళ్లు షుగర్ స్నో అంటారు, శాస్త్రవేత్తలు డెప్త్ హోర్ అంటారు. జనవరి, ఫిబ్రవరిలో మధ్యధరా సముద్రం వైపు నుంచి వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు వచ్చి, ఆ పట్టులేని అడుగు మీద అడుగుల కొద్దీ మంచును గుమ్మరిస్తాయి. ఎత్తయిన హిమాలయాల్లో ఇది తరచూ జరిగేదే. అమెరికాలో కొలరాడోలో స్థిరపడ్డ మన పిల్లలకూ ఇదే మాట చెబుతాను. అక్కడి మంచుదీ ఇదే తత్వం.

మా వాణ్ణి తిరుగు టికెట్టు అడిగింది ఇందుకే. మన సెలవులు సంక్రాంతి చుట్టూ ఉంటాయి. ఆఫీసులో బతిమాలి తెచ్చుకున్న నాలుగు రోజులు, ముందే కట్టేసిన హోటలు డబ్బు, పదిహేడున విమానం. మంచు పద్నాలుగున పడుతుంది. పదిహేనున ఆకాశం నీలంగా, కొండంతా తెల్లగా, ఫొటోకి అంతకన్నా మంచి రోజు ఉండదన్నట్టు ఉంటుంది. కొత్త మంచు పడ్డ తర్వాత వచ్చే ఆ మొదటి ఎండరోజు మహా ప్రమాదకరమైనది. కొత్త బరువును కింది పొరలు ఇంకా తట్టుకుని కుదురుకోలేదు. ఒక్కరోజులో అడుగు మంచు పడితే కనీసం రెండు రోజులు నిటారు వాలుల జోలికి పోకూడదు. అడుగున ఆ పలుకుల పొర ఉందంటే రెండు రోజులూ చాలవు, వారాల తరబడి ముప్పు ఉంటుంది. ఆగడానికి రోజులు చేతిలో లేనివాడు మంచుకొండకు వెళ్లకపోతేనే మంచిదని నా గట్టి అభిప్రాయం. వెళ్లినా చదునులో, ఊరి దగ్గరే ఆడుకుని రావాలి.

మంచు పడని రోజున కూడా వాలు మీద బరువు పెరగొచ్చు. గాలి ఒక దిక్కు కొండ మీది మంచును ఊడ్చి, వెన్నుకు అవతలి వాలు మీద పోస్తుంది. వెన్ను అంచున గాల్లోకి చొచ్చుకొచ్చిన మంచు చూరు కనిపిస్తే, దాని కింది వాలు నిండి ఉందని గుర్తు. ఆ చూరు మీద నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్లని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. కాళ్ల కింద కొండ లేదు, గాలే ఉంది. మధ్యాహ్నం ఎండకు మంచు తడిసి బరువెక్కడం ఇంకో దారి. పై నుంచి చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లుతుంటే తిరుగుముఖం పట్టాలి. గైడు తెల్లవారుజామున లేపితే విసుక్కోకండి.

మన కళ్లకు వాలు అంచనా తెలీదు. కొల్లేటి నుంచి గోదారి దాకా నేల పరిచినట్టుంటుంది. మనం ఎక్కిన ఎత్తు కాలవగట్టు. చరియలకు అనువైన వాలు 30 నుంచి 45 డిగ్రీలు. అన్నిటికన్నా చెడ్డది 38 దగ్గర. 30 డిగ్రీలంటే, పది అడుగులు ముందుకు వెళ్లేసరికి దాదాపు ఆరడుగులు పైకి లేవడం. 38 అంటే దాదాపు ఎనిమిది. అంతకన్నా బాగా నిటారుగా ఉన్నచోట మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. 25 కన్నా తక్కువ వాలులో పలక తెగడం అరుదు. ఫోన్లో వాలు కొలిచే యాప్ ఉంటుంది. చేతికర్రను వాలు మీద పడుకోబెట్టి దానిమీద ఫోన్ పెడితే డిగ్రీలు చూపిస్తుంది. అయితే మనం నిలబడ్డ చోటు కొలిస్తే సరిపోదు. మనం చదునులో ఉన్నా, తల పైన 38 డిగ్రీల వాలు నిండి ఉంటే అది వచ్చి ఆగేది మన దగ్గరే. ఇరుకు నాలాల్లో కొద్దిపాటి మంచు కూడా మనిషి నిలువు లోతు పూడుస్తుంది.

2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూ లా రోడ్డు పక్కన ఏడుగురు చనిపోయారు. రోడ్డు మీద వాహనాలు దిగి మంచులో ఆడుకోవడానికి వెళ్లిన పర్యాటకులు. ఆ రోజు 13వ మైలు దాకానే అనుమతి ఉంటే 15వ మైలు దాకా వెళ్లారు. అదే ఏడాది ఫిబ్రవరి 1న గుల్మార్గ్‌లో అఫర్వత్ కొండ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు. మంచు దేశంలో పుట్టినవాళ్లు, ఆ ఆట తెలిసినవాళ్లు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా డాండా మీద జరిగింది తలుచుకుంటే ఇంకా మనసు బరువెక్కుతుంది. ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ జట్టు శిఖరం దగ్గరికి చేరాక పలక తెగి, వాళ్లని మంచుబీటలోకి తోసేసింది. 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరి జాడ తెలియలేదు. ఆ ఏడాదే ఎవరెస్టు, మకాలు రెండూ ఎక్కి వచ్చిన శిక్షకురాలు సవితా కంస్వాల్ ఆ పోయినవాళ్లలో ఒకరు.

మన తెలుగు పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఊరూరా సంబరం చేసుకున్నాం. వాళ్లు ఎక్కింది టిబెట్ వైపు నుంచి. అంతకు అయిదు వారాల ముందే, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబూ ఐస్‌ఫాల్‌లో పడిన చరియ 16 మందిని బలితీసుకుంది. అందరూ ఇతరుల కోసం మోతలు మోస్తూ, తాళ్లు కడుతూ వెళ్లిన నేపాలీ పనివాళ్లు.

సియాచిన్‌లో 2016 ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టు మీద మంచుగోడ కూలింది. 19,600 అడుగుల ఎత్తు. పూడిపోయిన పదిమంది మద్రాస్ రెజిమెంటు 19వ బెటాలియన్ జవాన్లు. వాళ్లలో సిపాయి ముస్తాక్ అహ్మద్ మన అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె అబ్బాయి. పాతిక అడుగులకు పైగా లోతున, ఆరో రోజున, కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణంతో దొరికాడు. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ వారం మా ఊళ్లో పొయ్యి వెలిగించిన ప్రతి ఇంట్లోనూ అదే మాట. అక్కడ కాపలా కాసే జవానుకు వెళ్లాలా వద్దా అని ఎంచుకునే వీలు లేదు. సరదాకు వెళ్లే మన పిల్లలకు ఉంది.

హనుమంతప్ప గుడారం కింద కొద్దిగా గాలి మిగిలి అన్ని రోజులు బతికాడు. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ పక్కన మాణా దగ్గర సరిహద్దు రోడ్ల సంస్థ శిబిరం పూడిపోయినప్పుడు 54 మందిలో 46 మంది ప్రాణాలతో బయటపడ్డారు. చాలామందిని కాపాడింది వాళ్లు పడుకున్న ఇనుప కంటైనర్లే. ఒట్టి ఒంటితో పూడిపోయినవాడికి ఆ వీలు ఉండదు. కదిలే మంచు ఆగిన క్షణంలో గట్టిపడి చిటికెన వేలిని కూడా కదలనివ్వదు. వదిలిన ఊపిరి ముఖం ముందే చేరి గాలిని చెడగొడుతుంది. పది నిమిషాల్లోపు తవ్వి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. 35 నిమిషాలు దాటితే ముగ్గురు బతకడం కూడా కష్టం. హెలికాప్టర్ ఎంత త్వరగా వచ్చినా అప్పటికి ఈ లెక్క ముగిసిపోతుంది. మనల్ని తవ్వి తీయగలిగేది పక్కన నడుస్తున్నవాడే. అందుకే ప్రమాదమున్న వాలు తప్పనిసరై దాటాల్సి వస్తే ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు భద్రమైన చోట నిలబడి కళ్లప్పగించి చూడాలి. మేం మూట నడుంపట్టీ విప్పుకుని, ఎర్రటి అవలాంచ్ తాడు నడుముకు కట్టి వెనక ఈడ్చుకుంటూ దాటేవాళ్లం. మనిషి మునిగినా తాడు ఎక్కడో పైన తేలుతుందని ఆశ.

నడుస్తుండగా కాళ్ల కింద మంచు "ఉఫ్" మని కూలినట్టు బరువైన శబ్దం వచ్చిందా, అడుగు దగ్గర్నుంచి పగులు పరుగెత్తిందా, పక్క వాలు మీద నిన్నటి చరియ కనిపించిందా, ఇక గుంట తవ్వి చూడనక్కర్లేదు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రావాలి.

బయల్దేరే ముందు చూడాల్సింది చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ హెచ్చరిక. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో విభాగం అది. మా రోజుల్లో మనాలీలో సాసే అనే పేరుతో ఉండేది, 2020లో కొత్త సంస్థలో కలిసింది. కుప్వారా, గాందర్‌బల్, లాహౌల్ స్పితి, చమోలీ ఇలా జిల్లాలవారీగా, ఎంత ఎత్తుకు పైన ముప్పు ఉందో చెబుతారు. ముప్పును అయిదు అంచెలుగా కొలుస్తారు. అయిదులో మూడే కదా అనుకోకండి. నాలుగు, అయిదు ఉన్న రోజున జనం బయటికే రారు. ఆల్ప్స్ దేశాల లెక్కల్లో ఎక్కువమంది చనిపోయింది మూడో అంచె రోజుల్లోనే. ట్రెక్ కంపెనీవాణ్ణి గుడారాలు, భోజనం గురించి అడిగినట్టే, "మంచు పడితే దారి మారుస్తారా, డబ్బు వాపసిస్తారా, గైడు మాట మీద వెనక్కి తిప్పుతారా" అని కూడా అడగండి. నసిగాడంటే ఇంకొకణ్ణి వెతకండి.

నిటారు వాలున్న దారైతే ప్రతి మనిషి దగ్గరా మూడు వస్తువులు ఉండాలి. 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే అవలాంచ్ ట్రాన్స్‌సీవర్, మంచులోకి పొడిచి చూసే మడత ప్రోబ్, లోహపు పార. ఇవి ఖరీదైనవి, అద్దెకు దొరికే చోట అద్దెకు తీసుకోండి. ట్రాన్స్‌సీవర్ మూటలో కాదు, ఒంటిమీద, చొక్కా పైన కట్టుకుని, ఆన్ చేసి ఉంచాలి. ఒకరు పూడిపోతే మిగతావాళ్లు తమవి వెతికే మీటకు మార్చి, అది చూపే అంకె తగ్గే వైపు నడవాలి. వినడానికి తేలిక. చేతులు వణుకుతున్నప్పుడు ఏ మీట నొక్కాలో గుర్తుండదు. అందుకని పరికరాలు చేతికొచ్చిన రోజే, కొండకు చేరకముందే, మా వాడికి చెప్పిన పని మీరూ చెయ్యండి. ఒకరు ఒక ట్రాన్స్‌సీవర్‌ను సంచిలో చుట్టి ఇసుకకుప్పలోనో గడ్డివాములోనో దాచాలి. మిగతావాళ్లు చేతులకు గ్లవ్స్ వేసుకునే వెతకాలి. గడియారం పెట్టుకుని, అయిదు నిమిషాల్లోపు దొరికేదాకా.